జర్మనీ జట్టూ, మా రాడ్ మేస్త్రి సెలవూ

సహం అనే ఊళ్ళో మా కంపెనీ కట్టిన గోదాము ఎంత పెద్దదంటే, ఈ చివర టీ కప్పు పట్టుకుని బయల్దేరితే ఆ చివరికి చేరేసరికి టీ చల్లారిపోయేది. ఒమన్ ఎండలో టీ చల్లారిందంటే ఆ దూరం ఎంతో మీరే ఊహించుకోండి.

తొంభైల మొదట్లో ఆ సైట్లో నేను టైమ్‌కీపర్ని. ఎవడు డ్యూటీకి వచ్చాడు, ఎవడు కడుపునొప్పి అన్నాడు, ఎవడికి ఊరెళ్ళాలనుంది, అన్నీ నా బల్ల మీదికే వచ్చేవి. సెలవు కాగితం మీద సంతకం పెట్టేది మాత్రం పెద్దసారు. ఆయన జర్మన్ ఇంజనీరు. ఆరున్నర అడుగులుంటాడు, పోర్టాకేబిన్‌లోకి వచ్చేటప్పుడు వంగితే తప్ప తల పట్టదు. ఇంగ్లీషు అరుదుగానూ, గల్ఫు హిందీ ధారాళంగానూ మాట్లాడేవాడు. ఆ హిందీలో 'మాఫీ' అంటే లేదని, 'ఖలాస్' అంటే అయిపోయిందని.

ఆయనకి భార్య లేదు, దేవుడు లేడు, ఒక ఫుట్‌బాల్ జట్టు ఉంది. వాళ్ళ ఊరి జట్టు. ఆ సంవత్సరం ఆ జట్టుకి రెండు బతుకులు. లీగులో శనివారం శనివారం ఆడి శనివారం శనివారం ఓడిపోయేది. పద్దెనిమిది జట్లలో పదహారో స్థానంలో కూచుంది. అక్కడే ఉండిపోతే వచ్చే ఏడాది కింది తరగతికి తోసేస్తారట, మన పదో తరగతి వాణ్ణి తొమ్మిదిలో కూచోబెట్టినట్టు. కప్పు పోటీలో మాత్రం అదే జట్టు, అవే కాళ్ళు, ఎదురొచ్చినవాణ్ణల్లా కొట్టుకుంటూ పోయేది. కప్పంటే రెండు మూడు నెలలకి ఒక ఆట, ఓడినవాడు ఇంటికే.

ఈ సంగతులన్నీ ఆయనకి రేడియోలో తెలిసేవి. సహంలో షార్ట్‌వేవ్ పట్టాలంటే మాటలు కాదు. అందుకని మా రాడ్ మేస్త్రి, స్లాబులకి ఇనప రాడ్లు కట్టించేవాడు, జగిత్యాల దగ్గర పల్లె నుంచి వచ్చినవాడు, ఇరవై అడుగుల రాడ్డొకటి కేబిన్ మీద నిలబెట్టి బైండింగ్ వైరుతో బిగించి ఏరియల్ కట్టిపెట్టాడు. దానికి జర్మనీయే కాదు, చంద్రమండలం కూడా తగిలేదని నా నమ్మకం. శనివారం డ్యూటీ దిగాక ఆరున్నరకి ఆట మొదలు. పెద్దసారు జీపు బానెట్ మీద కూచుని వింటూ ఉంటే, మేస్త్రి కింద నిలబడి గాలికి ఏరియల్ తిరిగినప్పుడల్లా సరిచేసేవాడు. వాడికి జర్మన్ ఒక్క ముక్క రాదు. అయినా రేడియోవాడి అరుపుని బట్టి గోలు పడిందో లేదో, ఎవరికి పడిందో చెప్పేవాడు.

"మనోళ్ళకే పడ్డది సారూ. మళ్ళ."

ఆగస్టులో మొదటి కప్పు ఆట గెలిచిన మర్నాడు పెద్దసారు ఈల వేసుకుంటూ వచ్చి ఏడు సెలవు కాగితాల మీద సంతకాలు గీకేశాడు. రెండో ఆట గెలిచిన మర్నాడు నాలుగు. నా బుర్రలో దీపం వెలిగింది. ఆనాటి నుంచీ సైట్లో ఒక ఆచారం పెట్టాను. కప్పు గెలిచిన రోజే సెలవు కాగితం లోపలికి వెళ్ళాలి. లీగు ఓడిన ఆదివారాల్లో కేబిన్ గుమ్మం తొక్కితే చచ్చామన్నమాటే. ఎవరు ఊరెళ్ళాలన్నా ముందు నా దగ్గరికొచ్చి, "సార్, కప్పెప్పుడు?" అని అడిగేవారు. నేను కళ్ళు మూసుకుని, వేళ్ళు లెక్కపెట్టి, "మార్గశిరం దాటనీ" అనేవాణ్ణి. ఆ రోజుల్లో నాకున్న గౌరవం మా ఊళ్ళో సిద్ధాంతి గారికి కూడా ఉండేది కాదు.

ఫిబ్రవరిలో మేస్త్రి కాగితం పట్టుకొచ్చాడు. పెళ్ళానికి నెలలు నిండుతున్నాయి, మార్చి ఆఖరి వారమని డాక్టరమ్మ చెప్పింది. ఇది రెండో కాన్పు.

"పెద్దది పుట్టినప్పుడు నేను ఈడనే ఉన్న సారూ. ఇరవై దినాలకు ఉత్తరమొచ్చింది, ఆడపిల్ల అని. పోయినేడు పోతే నన్ను జూసి అవ్వ వెనక దాక్కున్నది. మావయ్య అన్నది. ఈసారి మాత్రం నేను ఆడ ఉండాలె."

"ఉంటావు. మార్చి మధ్యలో మంగళవారం కప్పు సెమీఫైనలు. బుధవారం పొద్దున్న నీ కాగితం పైన పెడతాను. చలికాలమంతా జర్మనీలో ఆటలు లేక పెద్దసారు ఎండిపోయి ఉన్నాడు. ఆ రోజు నెల అడిగితే రెండు నెలలిస్తాడు."

"ఇప్పుడే అడుగుదమా?"

"వెర్రివాడా! ఇప్పుడు అడిగితే 'మాఫీ ఛుట్టీ' అంటాడు. ఒకసారి లేదన్నవాడు మళ్ళీ ఉందనడం జర్మనీ చరిత్రలో లేదు."

జర్మనీ చరిత్ర నాకు ఒక్క పేజీ కూడా తెలియదు. అయినా వాడు నమ్మాడు. కాగితం నా సొరుగులో పెట్టుకుని మూడు వారాలు దాని మీద ధీమాగా చేతులానించి కూచున్నాను.

మంగళవారం వాళ్ళు గెలిచారు. మామూలుగా కాదు, అదనపు సమయం కూడా అయిపోయాక పెనాల్టీలు కొట్టి గెలిచారు. బుధవారం పొద్దున్న ఆరింటికే పెద్దసారు సైట్లో ఉన్నాడు. మొహం పెట్రోమాక్స్ లైటులా వెలుగుతోంది. నేను కాగితం తీసి, మేస్త్రిని వెంటబెట్టుకుని, పెళ్ళికొడుకుని తీసుకెళ్ళే తోడుపెళ్ళికొడుకులా లోపలికి నడిచాను.

ఆయన కాగితం చదివాడు. అంతకుముందు ఏనాడూ చదివి ఎరగడు. చదివి లేచి నిలబడి, మేస్త్రి భుజాల మీద రెండు చేతులూ వేశాడు.

"మేస్త్రీ! కల్ గ్యారా ఆద్మీ, దో ఘంటా! ఏక్ ఆద్మీ భీ బాహర్ నహీ గయా! పాఁవ్ మే దర్ద్, ఫిర్ భీ ఖేలా! హమ్ భీ ఐసా! స్లాబ్ ఖలాస్, కాంక్రీట్ ఖలాస్, ఫిర్ ఛుట్టీ. అభీ మాఫీ ఛుట్టీ!"

పదకొండు మంది రెండు గంటలు ఒక్కడూ బయటికి పోకుండా ఆడారట, అందుకని మనమూ అలాగే కలిసి నిలబడదాం, కాంక్రీటు పోయడం అయ్యాకే సెలవు అంటాడు. అంటూ మేస్త్రిని కావలించుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు. స్లాబ్ కాంక్రీటంటే ఏప్రిల్ దాటుతుంది.

బయటికొచ్చాక మేస్త్రి తలెత్తి ఏరియల్ వైపు చూశాడు. "ఓడిపోతేనే మంచిగుండేది గదా సారూ," అన్నాడు. వాడు నన్ను తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఆ సాయంత్రం వాడీ కబీర్ అనే పేటలో ఉన్న మా ఇంటికొచ్చాను. గురు, శుక్రవారాలు మాకు సెలవు. మా ఆవిడకి జరిగినదంతా చెప్పి, మనిషి సంతోషంగా ఉన్నప్పుడు కూడా లేదంటే ఇంకెప్పుడు అడగాలి అని నిట్టూర్చాను.

ఆవిడ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ తలెత్తకుండా అంది. "మరి మీరు నన్నెప్పుడు అడుగుతారు? స్నేహితుల్ని భోజనానికి పిలవాలన్నా, ఇంకో పాత రేడియో కొనాలన్నా, నేను తలనొప్పితో పడుకున్నప్పుడే కదూ వచ్చి గొణుగుతారు? నేను 'సర్లెండి' అనేస్తానని. సంతోషంగా ఉన్నప్పుడు అడిగితే పూర్తిగా వింటాను. విన్నానంటే ఒప్పుకుంటానా?"

పన్నెండేళ్ళ కాపురంలో ఆవిడకి ఇది తెలుసని నాకు తెలియదు. నేనూ నాలుగు చిక్కుడుకాయలు తీసుకుని ఈనెలు తీశాను.

శనివారం సైటుకెళ్ళగానే మేస్త్రికి చెప్పాను. ఇవాళ పెద్దసారు జట్టు లీగులో ఓడిపోవాలి, ఆ దిగుల్లో అయితే కాగితం చదవకుండా సంతకం పెట్టేస్తాడు. మొదటి స్థానంలో ఉన్న జట్టుతో ఆట, కాబట్టి ఓడిపోయే యోగమే ఉంది. నువ్వీలోపు నీ పని కానివ్వు. వాడప్పటికే కానిచ్చేశాడు. సెలవు రెండు రోజులూ తన మనుషుల్ని వెంటేసుకుని ఎండలో పని చేసి, స్లాబ్ రాడ్లన్నీ కట్టించేశాడు. ఇక కాంక్రీటు పోసేవాళ్ళది పని, రాడ్ మేస్త్రిది కాదు. పెద్దసారు సంబరంలో ఆ తేడాయే మర్చిపోయాడు.

సాయంత్రం ఆరున్నరకి బానెట్ మీద పెద్దసారు, ఏరియల్ కింద మేస్త్రి, కొంచెం వెనగ్గా నేను. నా వెనక కరీంనగర్, నిజామాబాద్ జిల్లాలు సగం. యాభై మంది తెలుగువాళ్ళు, జన్మలో చూడని ఒక జర్మనీ జట్టు ఓడిపోవాలని, కొందరు వేములవాడకీ, కొందరు కొండగట్టుకీ మొక్కుకుంటున్నారు. మా జట్టే ముందు గోలు కొట్టింది. పెద్దసారు ఎగిరి గంతేశాడు. మేస్త్రి మొహం వాడిపోయింది.

"వైరు కొంచెం వదులు చేసెయ్. రేడియో పోతే ఆయనకి దిగులే," అన్నాను నేను మెల్లగా.

మేస్త్రి నావైపు ఎలా చూశాడంటే, గుళ్ళో చెప్పులు ఎత్తుకుపొమ్మని సలహా ఇచ్చినవాడివైపు కూడా ఎవరూ అలా చూడరు. "అట్ల జేస్తే బాగుండది సారూ. ఆయన వినాలె," అని ఏరియల్‌ని ఇంకా గట్టిగా బిగించాడు.

రెండో సగంలో నాలుగు గోల్స్ పడ్డాయి. నాలుగూ మా వాళ్ళ మీదే. ప్రతి గోలుకీ వెనకనుంచి ఎవడో నవ్వాపుకోలేక దగ్గేవాడు. నాలుగో దానికి పెద్దసారు రేడియో కట్టేసి, బానెట్ దిగి, ఎవరివైపూ చూడకుండా వెళ్ళిపోయాడు. ఆరున్నర అడుగుల మనిషి ఆ నడకలో అయిదడుగులే కనిపించాడు. మేమంతా పండగ చేసుకోవాలి. ఎవరూ చేసుకోలేదు.

ఆదివారం పొద్దున్న, ఇన్ని నెలలుగా నేనే నిషేధించిన ఆ గుమ్మం తొక్కాను. పెద్దసారు చేతిలో టీ, చూపు గోడ మీద. కాగితం పెట్టాను. "రాడ్ కామ్ ఖలాస్ సార్, మేస్త్రి ఛుట్టీ," అన్నాను. ఆయన కాగితంవైపు చూడకుండానే సంతకం పెట్టాడు. పెట్టాక, "చార్ గోల్," అన్నాడు నాతో. "చార్."

"జీ సార్," అన్నాను.

మేస్త్రి మంగళవారం విమానమెక్కాడు. మూడు వారాల తర్వాత ఉత్తరం వచ్చింది. ఊరికి చేరిన అయిదో రోజున నొప్పులొచ్చాయట. ఆస్పత్రి వరండాలో పెద్దపిల్లని ఎత్తుకుని నిలబడ్డాడట. "బిడ్డ మొదటి ఏడుపు నా చెవులతోటి విన్న సారూ. పెద్దది గిట్ల విన్నది. వినంగనే నా మెడ గట్టిగ పట్టుకుని నాయినా అన్నది."

ఆ కింద ఇంకో రెండు వరసలు, పెన్ను మార్చి రాసినవి: "పెద్దసారు జట్టు కిందికి దిగలేదు గదా? దిగితే ఆ పాపం సగం నీది సారూ, తప్పించుకుంట అనుకోకు."

లీగులో ఇంకా అయిదు ఆటలున్నాయి, జట్టు పదిహేడుకి జారింది. ఆ శనివారం ఆటకి ముందే నేను బైండింగ్ వైరూ, పట్టకారూ తీసుకుని కేబిన్ పైకెక్కి ఏరియల్ బిగించాను.