బెల్టు సైకిలుకు కందెన

1986 జూన్‌లో నన్ను గురజాల పంపించారు. అప్పుడు నేను సైకిళ్లు తయారుచేసే ఒక కంపెనీలో ఫీల్డు టెస్టు ఇన్‌స్పెక్టర్ని. గొలుసు బదులు పళ్లున్న రబ్బరు బెల్టుతో నడిచే లేడీస్ సైకిలు ఒకటి తయారైంది. దాన్ని ఎండలో, రాతి దుమ్ములో, నల్లరేగడి బురదలో తొక్కి చూడాలి. పల్నాడును ఎంచుకోవడంలో మావాళ్లు ఏమీ పొరబడలేదు.

పద్ధతి ప్రకారం మొదటి నాలుగొందల కిలోమీటర్లు ఇన్‌స్పెక్టరే తొక్కాలి. ఇంత మీసం పెట్టుకుని ఆడవాళ్ల సైకిలు మీద క్వారీల దారిన పోతుంటే జనం పనులాపి చూసేవాళ్లు. "ఒరేయ్, గొలుసు మర్చిపోయొచ్చాడ్రా!" అని ఒకాయన కేకేశాడు. బండి మాత్రం అబ్బ, ఎంత హాయిగా పోయేదో! టకటకల్లేవు, గరగరల్లేవు. సర్వీసులో ఎన్నో బండ్లు తొక్కాను గానీ, నా కాళ్లకు ఇప్పటికీ గుర్తున్నది అదొక్కటే.

ఆ తర్వాత మూడు నెలలు, నిజంగా అవసరమున్న మనిషికి ఇవ్వాలి. సుశీల అనే నర్సమ్మకిచ్చాం. మూడు ఊళ్లు తిరిగి గర్భిణులను చూసుకోవడం ఆమె డ్యూటీ. ఇంట్లో పాత గొలుసు సైకిలుండేది. తెల్లచీర కుచ్చిళ్లు గొలుసులో పడి చిరుగుతుంటే విసుగొచ్చి దాన్ని కొట్టంలో పడేసి నడిచే తిరిగేది. ఒకసారి అలా నడిచి వెళ్లేసరికి ఆలస్యమై ఒక బిడ్డ దక్కలేదట. "ఇది బజార్లోకొస్తే మొదటిది నేనే కొంటా సార్" అంది. ఆమె అత్త కోటమ్మ గడపలో నిలబడి, "కోడలు మళ్లీ సైకిలెక్కి ఊరేగితే మేం తలెత్తుకునేదెట్టా?" అని నా మొహమ్మీదే అడిగేసింది.

వారం వారం వెళ్లి బెల్టును బొటనవేలితో నొక్కి చూసేవాణ్ణి. అరంగుళం లోపలికి పోతే బిగువు సరిగ్గా ఉన్నట్టు. రెండు నెలలు ఏ లోపమూ లేదు. తొమ్మిదో వారం సుశీల బండి నడిపించుకుంటూ ఎదురొచ్చింది. ఎత్తు రాగానే బెల్టు జారుతోందట. వాళ్లింటికి తీసుకెళ్లి విప్పి చూస్తే పళ్ల సందుల్లో కందెన! దాంట్లో రాతి దుమ్ము కలిసి గట్టిపడి, రబ్బరు పళ్లన్నీ అరిగిపోయాయి. చుక్క నూనె కూడా తగలకూడదని సుశీలకు పదిసార్లు చెప్పి ఉన్నాను. ఆమె బిత్తరపోయింది.

కోటమ్మ కొట్టంలోంచి బయటికొచ్చింది. "నేనే పెట్టా నాయనా. ఈ వారం నించీ రోజూ పొద్దున్నే ఎద్దులబండి ఇరుసుకు పెట్టేటప్పుడు దీనికీ కాస్త. పిల్ల అంత దూరం తొక్కుద్ది గదా, తేలిగ్గా ఉంటదని."

నాకు చానా కోపమొచ్చింది, వెంటనే సిగ్గూ వేసింది. ఆ పెద్దావిడకు నేను ఒక్క ముక్క చెప్పలేదు కదా.

రిపోర్టులో రెండు గళ్లుంటాయి: బండి లోపం, వాడకంలో తప్పు. రెండోదాంట్లో రాస్తే బెల్టు సైకిలు పాసైపోతుంది. మా మేనేజరు ట్రంకాల్‌లో అదే రాయమన్నాడు. సుశీల కోసం నాకూ అదే రాయాలనిపించింది. కానీ బండి మీద ప్రేమున్న ప్రతి ఇంట్లోనూ దానికి నూనె పెడతారు. ఎంతమందికి వద్దని చెబుతాం? లోపం బండిదేనని రాశాను. కంపెనీ ఆ సైకిలు తయారీ మానేసింది.

రూలు ప్రకారం బండి వెనక్కి తెచ్చుకోవడానికి నేనే వెళ్లాను. సుశీల తాళంచెవి నా చేతిలో పెట్టి మొహం తిప్పుకుంది. అంతలో కోటమ్మ కొట్టంలోంచి ఆ పాత గొలుసు సైకిలును బరబరా ఈడ్చుకొచ్చింది.

"దీనికి పెట్టొచ్చా నాయనా?" అంది.

పెట్టొచ్చన్నాను. ఆమె కింద కూర్చుని గొలుసంతా కందెన పూసి, లేచి, కోడలితో, "కుచ్చిళ్లు పైకి దోపుకుని ఎక్కవే. ఎవడేమంటాడో నే చూస్తా" అంది.

ఆ తర్వాత నేను చేసిన ప్రతి టెస్టులోనూ ఫారం చివర చేత్తో ఇంకో గడి గీసుకునేవాణ్ణి: ఈ ఇంట్లో బండిని ఇంకెవరు ముట్టుకుంటారు? ముందు వాళ్లతో మాట్లాడి, తర్వాతే తాళంచెవి ఇచ్చేవాణ్ణి.