కారు నెత్తిన పడవ: చంద్రపూర్ నుంచి అమల్‌నాలా దాకా, ఎవరి చేయీ తగలకుండా

నా ఉద్యోగం పొడుగునా నీళ్లంటే తోడి పారబోయాల్సినవే. చంద్రపూర్ చుట్టుపక్కల బొగ్గు గనుల్లో సర్వేయరుగా పనిచేశాను. వాన పడితే గని నిండేది, గని నిండితే పని ఆగేది, పని ఆగితే తిట్లు మాకు పడేవి. ఆఫీసు గోడకి వేలాడే పటంలో ప్రాణహిత నది ఒక నీలి గీత. ఆ గీత కింద కుర్చీలో కూర్చునే రిటైరయ్యాను. ఆ నది మీద ఒక్కసారైనా వెళ్లాలని అప్పుడే అనుకున్నాను గానీ, డెబ్బై దాటాక గానీ కయాక్ కొనలేదు. ఒక్క మనిషి కాళ్లు చాపుకుని కూర్చుని, రెండు వైపులా తెడ్డు వేసుకుంటూ పోయే సన్నటి పడవని కయాక్ అంటారు. నాది పది అడుగుల ప్లాస్టిక్‌ది, నాగపూర్‌లో పాతది దొరికింది, నారింజ రంగు.

మా ఊళ్లో ఇలాంటి పడవలవాళ్ల గుంపు ఒకటుంది. వానలు తగ్గాక ప్రాణహిత మీద నాలుగు రోజులు వెళ్లాలని వాళ్ల ఏర్పాటు. ఆ గుంపుకి పెద్ద మా పాత మేనేజరు. పేరు రాయను, రాస్తే సంతోషిస్తాడు. ఒకప్పుడు మీటింగులో గని అంచు గురించి నేనొక మాట చెప్పబోతే, అందరి ముందూ, "కొలత నీది, ఆలోచన మాది. కూర్చో" అన్నాడు. కూర్చున్నాను. ఆ ఇనప కుర్చీ చల్లదనం ఇప్పటికీ గుర్తుంది. నేనూ ప్రాణహితకి వస్తానని అడిగితే ఆయన అక్కడికక్కడే ఒక రూలు పుట్టించాడు. ఎవరి పడవ వాళ్లే తమ బండి మీదికి ఎక్కించుకోవాలి, వాళ్లే దింపుకోవాలి, ఇంకొకరి చేయి తగిలితే ప్రయాణంలో చోటు లేదు. పరీక్ష శివరాత్రి వెళ్లిన ఆదివారం, గడ్‌చాందూర్ దగ్గరి అమల్‌నాలా డ్యామ్ మీద. గుంపులో మిగిలినవాళ్లంతా నలభై లోపువాళ్లే. ఆ రూలు ఎవరి కోసం పుట్టిందో వేరే చెప్పక్కర్లేదు.

నది ప్రయాణాల పుస్తకాలు నా దగ్గర ఒక బీరువా నిండా ఉన్నాయి. పడవ నది దాకా ఎలా చేరిందో ఒక్కదాంట్లోనూ ఉండదు. రచయిత మొదటి పేజీలోనే నీళ్ల మీద తేలుతుంటాడు, మోసినవాడి ఊసు ఉండదు. ఇంటర్నెట్‌లో చెప్పేవాళ్లు ఇంకో రకం, వాళ్ల ర్యాక్ ఖరీదులో నా కారు సగం వస్తుంది. కాబట్టి నా పద్ధతి రాస్తున్నాను. కారు కప్పు మీద రెండు అడ్డ కడ్డీలు ఆరు వేలు. ఆ కడ్డీలకి మెత్తగా ఉండేందుకు ఏసీ మెకానిక్ షాపులో దొరికే నల్లటి ఫోమ్ గొట్టం తొడిగాను, అది నూట ఇరవై. బకిల్ ఉన్న వెడల్పాటి పట్టీలు రెండు, ముందూ వెనకా కట్టడానికి తాళ్లు రెండు, అన్నీ కలిపి తొమ్మిది వందలు. వీటితో పాటు ఒక పాత రబ్బరు చాప. అసలు కీలకం ఆ చాపే.

పొద్దున ఐదున్నరకి మా వీధిలో పని మొదలుపెట్టాను. ముసలివాడు ఇరవై రెండు కిలోల పడవని నెత్తికెత్తుకోలేడు, ఎత్తుకోవలసిన అవసరమూ లేదు. కారు వెనక అద్దం మీద చాప పరిచి, పడవని బోర్లా తిప్పి, ముక్కు దాని మీద ఆనించాలి. అప్పుడు బరువు సగం కారే మోస్తుంది. వెనక్కి వెళ్లి తోక ఎత్తి ముందుకి తోస్తే, పడవ చాప మీదుగా జారి కడ్డీల మీదికి ఎక్కుతుంది. మా ఆవిడ సరోజ టీ గ్లాసు పట్టుకుని గేటు దగ్గర నిలబడి చూస్తోంది.

"ఒక చెయ్యి వెయ్యాల్నా?"

"వద్దు. చెయ్యి తగిలితే లెక్కలోకి రాదు."

"చూసేటోడు ఎవడున్నడు గీడ?"

"నేనున్నా."

"మంచిగున్నది. వంతెన మీద గాలి కొడ్తె పడవ నదిల బడ్తది. పడవకేంది, తేలుతది. మీరు తేలరు."

ఆరింటికి బయల్దేరాను. రానూపోనూ దాదాపు నూట పది కిలోమీటర్లు, పెట్రోలుకి ఏడు వందల యాభై దాకా అవుతుంది. బల్లార్‌పూర్ రోడ్డెక్కి కాస్త వేగం అందుకోగానే నెత్తి మీద తుమ్మెదలు రొద పెట్టినట్టు మోత మొదలైంది. పట్టీలు గాలికి వణకడం వల్ల వచ్చే చప్పుడది. పక్కకి ఆపి ఒక్కో పట్టీకి ఒక మెలిక వేశాను, మోత పోయింది. ఎలాగూ ఆగాను కదా అని బకిళ్లు చూస్తే ఒకటి వేలెడు వదులైంది. మొదటి ఐదారు కిలోమీటర్లలో ఎవరి కట్టయినా సర్దుకుంటుంది, ఆపి చూసుకోవాల్సిందే. వర్ధా నది వంతెన మీద సరోజ చెప్పిన గాలి నిజంగానే కొట్టింది. పడవ ముక్కు ఎడమకి వెళ్లబోయింది గానీ బంపరు కొక్కేనికి కట్టిన తాడు పట్టి ఆపింది. ముందు తాడు దండగని రాసే మహానుభావులు ఆ వంతెన మీదికి ఒకసారి రావాలి.

ఏడింటికి రాజురా బస్టాండు దగ్గర, అటుకుల పోహా మీద రస్సా అనే కారప్పులుసు పోసిచ్చే బండి ముందు ఆగాను. ముప్పై రూపాయల ప్లేటు, డబ్బుకి తగ్గ తిండి. సగం తిన్నానో లేదో, టెంపో ఆపుకుని మా బామ్మర్ది రాజన్న దిగాడు. రైతుల పత్తిని మిల్లుకి చేర్చడం అతని పని. పత్తిని గుట్టలా పోసి, తాళ్లు వేసి, తాడులో కర్ర దూర్చి మెలి తిప్పి బిగించడంలో ఈ తాలూకాలో తనని మించినవాడు లేడని అతని నమ్మకం.

"ఏంది బావ గిది? కారు నెత్తిన పాడె గట్టుకొని ఏడికి పోతున్నవ్?"

"మీ అక్కనడుగు."

"అక్కనే ఫోన్ జేసింది. మీ బావను జర ఆపురా అన్నది. నువ్ నా మాట ఎన్నడిన్నవ్? ఆపుడు నాతోని గాదు. గట్టిగ గట్టి పంపిస్త."

"కట్టే ఉంది, ముట్టుకోకు."

"గివి పట్టీలా, లాగు నాడాలా? గడ్‌చాందూర్ రోడ్డు మీద సున్నపురాయి లారీలు ఎదురొస్తయ్. గాలికి గుంజి పడేస్తయ్. నువ్ తినుపో."

నేను టీ తాగి వచ్చేసరికి నా పట్టీల పక్కనే రెండు నైలాన్ తాళ్లు పడవ అడుగు మీదుగా దిగి ఉన్నాయి, వాటిలో కర్రలు మెలి తిరిగి ఉన్నాయి. రాజన్న పడవ పట్టుకుని ఊపి చూపించాడు.

"సూడు. కారు ఊగాలె, పడవ ఊగద్దు. గిదీ కట్టంటె."

"విప్పు."

"విప్పుత. గాని గీ ముడి విప్పాల్నంటె నాకే అరగంట బడ్తది."

ఎనిమిదిన్నరకల్లా డ్యామ్ దగ్గర ఉండాలి. ఆలస్యమైతే మేనేజరుకి ఇంకో రూలు దొరుకుతుంది. రూలు ఎక్కించడం, దింపడం గురించే గానీ కట్టడం గురించి కాదు కదా అని సర్దిచెప్పుకుని బయల్దేరాను. లారీలు ఒకదాని వెనక ఒకటి తెల్లటి దుమ్ము రేపుతూ ఎదురొచ్చాయి, పడవ వెంట్రుకవాసి కదల్లేదు. జీవితంలో మొదటిసారి మా బామ్మర్ది పనికొచ్చాడనుకున్నాను.

గడ్‌చాందూర్ దాటి డ్యామ్ గట్టు ఎక్కితే ఎదురుగా నీళ్లు, వాటి వెనక జివతి గుట్టలు. నీళ్లలో దిగడానికి కావలసిన అనుమతి గుంపు వాళ్లు ముందే తీసుకున్నారు, మీరు వెళ్లేట్టయితే ముందుగా అడిగి వెళ్లండి. అందరూ నా చుట్టూ చేరారు. రాజన్న ముళ్లని చాకుతో కోశాను. పట్టీలు విప్పి, చాప పరిచి, పడవని వెనక్కి జార్చి, తోక నేలకి ఆనించి, ముక్కు దింపాను. ఎవరి చేయీ తగల్లేదు. ఒకతను చప్పట్లు కొట్టాడు కూడా. అప్పుడు చూశాను. పడవ అడుగున, రాజన్న తాళ్లు దిగిన చోట్ల, కాలితో తొక్కిన సత్తు గిన్నెకి పడ్డట్టు రెండు లోతైన సొట్టలు.

మేనేజరు వంగి వాటిలో వేలు పెట్టి చూశాడు.

"దింపావు, ఒప్పుకుంటాను. కానీ ఏమయ్యా సర్వేయరూ, ఈ సొట్టల పడవ తిన్నగా పోతుందా? దీన్ని నది మీదికి రానివ్వను."

"ఎప్పటిదాకా ఉంటారు సార్?"

"పన్నెండింటికి లేస్తాం."

"పన్నెండింటికి చూడండి."

పత్తిని ఎంత బిగిస్తే అంత అణుగుతుంది, మిల్లు దగ్గర తాడు విప్పితే మళ్లీ పొంగుతుంది. రాజన్న చేతులకి తెలిసిన లోకం అది. ప్లాస్టిక్ అణిగితే అణిగినట్టే ఉండిపోతుంది. అయితే పోతపోసిన ప్లాస్టిక్ వేడెక్కితే తన మొదటి ఆకారానికి మళ్లుతుందని ఎక్కడో చదివాను. శివరాత్రికి చలి శివశివా అంటూ పోయింది. చంద్రపూర్ ఎండని ఏళ్ల తరబడి తిట్టినవాణ్ని, ఆ రోజు మాత్రం దానితోనే పని పడింది. గట్టుకి పేర్చిన నల్లరాళ్ల మీద పడవని బోర్లా పెట్టి, నెత్తిన తువ్వాలు వేసుకుని పక్కన కూర్చున్నాను. మిగిలినవాళ్లు నీళ్ల మీద తిరుగుతున్నారు. పదింటికి సొట్టలు అలాగే ఉన్నాయి. రాజన్న ఫోను చేశాడు.

"కట్టు ఆగిందా బావ?"

"కట్టు ఆగింది. పడవే ఆగలేదు."

సంగతి చెప్పాను.

"గట్లెట్లయితది? మస్తు మంచిగ గట్టిన గద!"

"పెట్టెయ్ రా ఫోను."

పదకొండు దాటాక పడవ మీద చేయి ఆనించలేకపోయాను, అంత కాలింది. కాసేపటికి టప్‌మని చప్పుడు. మొదటి సొట్ట దానంతటదే లేచింది. రెండోది సగం లేచి ఆగిపోయింది. తెడ్డు కొసకి తువ్వాలు చుట్టి, పడవ లోపలి నుంచి మెల్లగా ఒత్తి పట్టుకున్నాను. భుజం లాగేసింది. వదల్లేదు. అదీ లేచింది. పన్నెండింటికి మేనేజరు ఒడ్డుకొచ్చేసరికి నేను నీళ్ల మీద ఉన్నాను, గట్టు నుంచి ఎదుటి మలుపు దాకా తిన్నగా వెళ్లి తిన్నగా తిరిగొచ్చాను. ఆయన పడవ అడుగు తడిమి చూసి, "సరే, రా ప్రాణహితకి" అన్నాడు, పక్కకి చూస్తూ.

నేను నా పడవ ఎక్కించుకుని కట్టుకునేసరికి అందరూ వెళ్లిపోయారు. మేనేజరు ఒక్కడే తన ఎత్తయిన బండి పక్కన నిలబడి ఫోను చెవికి ఆనించుకున్నాడు. డబ్బాలో డీజిల్ తేవడానికి ఇంకొకరి బండిలో వెళ్లిన ఆయన డ్రైవరుకి ఫోను కలవడం లేదు. పొద్దున అందరికంటే ముందొచ్చిన ఆయన పడవని ఎవరు దింపారో అప్పుడర్థమైంది. ఆయన ఒకసారి ఎత్తబోయాడు, పడవ జారి గడ్డిలో పడింది. నన్ను చూశాడు.

"ఏమయ్యా, ఒక చేయి వెయ్యి."

"వెయ్యకూడదు కదా సార్. చేయి తగిలితే చోటు లేదన్నారు."

నా చాప తీసి ఆయన బండి వెనక పరిచి, పక్కకొచ్చి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.

"ముక్కు దాని మీద ఆనించండి. ఆ. ఇప్పుడు వెనక్కెళ్లి తోక ఎత్తండి. మోకాళ్లు వంచి ఎత్తండి సార్, నడుము పట్టేస్తుంది. ఇక తొయ్యండి."

ఎర్రబడ్డ మొహంతో తోశాడు. పడవ ఎక్కింది.

"తేలికే" అన్నాడు, రొప్పుతూ.

"అవును సార్. ఆలోచన నాది, మోత మీది."

ఆ మాట ఆయనకి గుర్తొచ్చిందో లేదో తెలియదు. నాకు గుర్తుంది, అది చాలు. చాప దులిపి తెచ్చుకున్నాను.

తిరుగు దారిలో మనసు తేలికైందనీ, పాత కోపాలు నీళ్లలో కలిసిపోయాయనీ రాస్తానని చూడకండి. ఏదీ కలిసిపోలేదు. ఆ కోపమే నన్ను తెల్లవారకముందే నిద్ర లేపింది, ఎండలో కూర్చోబెట్టింది, భుజం లాగుతున్నా తెడ్డు వదలనివ్వలేదు. ఈ వయసులో కాళ్లకంటే అదే గట్టిగా పనిచేస్తోంది. వానలు తగ్గాక ఆ నీలి గీత మీదికి దాన్ని కూడా వెంటపెట్టుకునే వెళ్తాను, పడవలో చోటుంది.

వెళ్లేవాళ్లకి ఒక్క మాట. పట్టీని చేత్తో లాగినంత వరకే బిగించండి. పడవని ఊపితే దాంతో పాటు కారు ఊగాలి. అక్కడితో ఆపేయాలి, కర్ర పెట్టి మెలి తిప్పకూడదు. మీకు పత్తి బండి నడిపే బామ్మర్ది ఉంటే మాత్రం, నాష్టా ఇంట్లోనే చేసి బయల్దేరండి.