దారిలో ఆగిపోయిన కణాలు

పోయిన వారం తిరుపతిలో డాక్టరు మా అమ్మాయి మెదడు స్కానింగును తెర మీద పెట్టి, లోపలెక్కడో బఠాణీ గింజంత బూడిదరంగు మచ్చను చూపించి, పైకి వెళ్లాల్సిన కణాలు కొన్ని ఇక్కడే ఆగిపోయాయని, పన్నెండో ఏట నుంచి వస్తున్న మూర్ఛలకు మూలం ఇదేనని చెబుతుంటే, నేను తెర దగ్గరికి వంగి చూశాను. అలాంటి ముద్దను నేను మా అమ్మాయి పుట్టకముందే చూశాను.

అప్పట్లో నేనొక వైద్య కళాశాల ల్యాబులో టెక్నీషియన్ని. పొదిగిన కోడిగుడ్లను రోజుకొకటి చొప్పున పగలగొట్టి, లోపలి పిల్ల మెదడును మైనంలో బిగించి, ఉల్లిపొర కన్నా పలచగా కోసి, రంగు పట్టించి గాజు పలకల మీద అతికించడం నా పని. మెదడు కణాలు పుట్టిన చోట ఉండవనీ, లోపలి గోడ దగ్గర పుట్టి, పొడవాటి పోగుల్లాంటి వేరే కణాలను పట్టుకుని పైకి పాకుతాయనీ మా మేడమ్ నేర్పింది. అవి చచ్చిన కణాలే, అయినా ఐదో రోజు పలక తర్వాత ఆరో రోజుది, ఏడో రోజుది పెట్టి చూస్తుంటే గుంపులు గుంపులుగా చప్పుడు లేకుండా నడిచిపోతున్నట్టే ఉండేది. టీ తాగి వచ్చి మళ్లీ కన్ను పెడితే, నేను లేనప్పుడు ఇంకో అడుగు వేశాయేమో అనిపించేది.

నాకు నాలుగో నెలలో సూర్యగ్రహణం వచ్చింది. ఆ రోజులు మన కాలం వాళ్లకు తెలుసు, కొండ మీద గుడి తలుపులు మూస్తే కింద ఊరంతా తలుపులు మూసేది. సెలవు లేదని బొంకి బయల్దేరుతుంటే మా అత్త గడపలో అడ్డం నిలబడి, "పోతే పోతివి గానీ, కత్తి మాత్రం ముట్టొద్దు మే, కడుపులో బిడ్డకు మంచిది గాదు" అని బతిమాలింది. చదువుకున్నదాన్నన్న పొగరు నాది, సరిగ్గా గ్రహణం పట్టే వేళకే కత్తి బిగించి మైనంలోని మెదడును కోశాను. ఆ తర్వాత ముందురోజు రంగు పట్టించిన పలకను చూస్తుంటే, మైక్రోస్కోపుకు కిటికీ వెలుతురే ఆధారం గనుక, లోపలంతా మెల్లగా చీకటి కమ్ముకుంది. ఆ మసకలో కొన్ని కణాలు సగం దారిలో ముద్దగా నిలిచిపోయి ఉన్నాయి, మిగతావి వాటిని తప్పుకుని పైకి పోయాయి. నా చెయ్యి దానంతటదే పొట్ట మీదికి పోయింది.

కత్తి ముట్టలేదని ఇంటికెళ్లి అత్తకు చెప్పాను. బిడ్డ పుట్టగానే ఆమె ముందు పెదవి చూసి, మొర్రి లేదని కొబ్బరికాయ కొట్టింది. మూర్ఛలు మొదలయ్యాక మాత్రం కనిపించిన వాళ్లందరితో, "గ్రహణం నాడు గూడా నా కోడలు కత్తి ముట్టలేదే, మరి బిడ్డకిట్లా ఎందుకయినాది?" అని వాపోయేది. నేను పక్కనే నిలబడి వినేదాన్ని, ఆమె కన్నుమూసేదాకా.

ఇప్పుడు బతికున్న కణాలు నడవడాన్నే వీడియోలో చూడవచ్చు. ముందుకు ఒక కొస చాచి, తడిమి చూసుకుని, వెనక ఒళ్లంతా ఈడ్చుకుంటాయి. డాక్టరు అదీ చూపించి, కడుపులో ఉండగానే ఒక్కోసారి అలా ఆగిపోతాయని, తల్లి తప్పేమీ లేదని ఓదార్చాడు. ఆయన మాట నమ్ముతున్నాను. తప్పెవరిదో తేల్చందే జబ్బును వదలని రోజులు పోయి, తప్పే లేదనే రోజులు వచ్చాయి, మంచిదే. కానీ తప్పుందని నమ్మి, అది తన కోడలిది మాత్రం కాదని ఊరంతా చెప్పుకుంటూ పోయిన మా అత్త చేత, నిజం చెప్పి తిట్లు తినే రోజు ఇక నాకు రాదు.