గ్రేడు దిద్దిన ఏడాది

మా స్కూల్లో వచ్చే ఏడాది నుంచి పన్నెండో తరగతికి అడ్వాన్స్‌డ్ మాథ్స్ కోర్సు పెడుతున్నారు. మామూలు క్లాసులయ్యాక రోజూ ఇంకో గంట. ఏడాది చివర బయటి సంస్థ ఒకటి వచ్చి పరీక్ష పెడుతుంది. ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. ఆ పరీక్షలో వచ్చిన మార్కుని బట్టి, మేం ఏడాదంతా చూసి ఇచ్చిన క్లాసు గ్రేడుని మార్చాలా వద్దా అన్న దగ్గర వచ్చింది పేచీ. పరీక్ష బాగా రాస్తే గ్రేడు పెంచుతారు, రాయకపోతే తగ్గిస్తారు. ఈ మార్చిలో స్టాఫ్ మీటింగు పెట్టి మమ్మల్ని అభిప్రాయం అడిగారు.

నేను లెక్కలు చెప్తాను. నాకు నోరు కాస్త పెద్దదే. అయినా ఆ రోజు అందరూ మాట్లాడాకే నా వంతు తీసుకున్నాను. పక్కన కూర్చున్న ఫిజిక్స్ మేడం మాత్రం మార్చి తీరాల్సిందే అంది. క్లాసు గ్రేడులన్నీ మొహం చూసి బొట్టు పెట్టే వ్యవహారమేనట. తమ దగ్గర ట్యూషనుకి వచ్చే పిల్లలకు నాలుగు మార్కులు ఎక్కువ వేసే టీచర్లు లేరా అని అడిగింది. ఎందుకు లేరు, ఆ గదిలోనే ఉన్నారు, తలొంచుకుని టీ తాగుతున్నారు. ఆవిడ అన్నది అబద్ధమని నేననను. కానీ నా కళ్ల ముందు ఈ ఊళ్లోనే భాలుబాసా పేటలో ఒక డాబా, ఆ డాబా పిట్టగోడ మీంచి వంగి "వత్తన్నావా నేదా?" అని అరిచే ఒక పిల్లా కదులుతుంటే, ఆవిడతో సరేననలేకపోయాను.

ఆ పిల్ల నా చిన్ననాటి స్నేహితురాలు. స్కూల్లో ఒకే బెంచీ. మేం అగ్రికో పేటలో ఉక్కు కంపెనీ క్వార్టరులో ఉండేవాళ్లం, మా నాన్నది పర్మనెంటు ఉద్యోగం. వాళ్ల నాన్న కాంట్రాక్టరు కింద వెల్డరు. వాళ్ల సొంతూరు ఇచ్ఛాపురం వైపు, మాది శ్రీకాకుళం దగ్గర పల్లె; పని కోసం ఈ హిందీ ఊరికి వచ్చిన కుటుంబాలు మావి. ఇంట్లో పెద్దవాళ్లు తెలుగులో అడిగితే మేం హిందీలో జవాబు చెప్పేవాళ్లం. మేమిద్దరం ఉన్నప్పుడు మాత్రం ఎందుకో తెలుగే ఎక్కువ వచ్చేది. తిట్టుకోవడానికి అదే హాయిగా ఉండేదేమో.

సాయంత్రం అయితే నేను వాళ్ల డాబా మీద ఉండేదాన్ని. వాళ్ల నాన్న ఇనప రేకుల మీద గీతలు గీసుకునే బలపం ముక్కలు జేబులో తెచ్చేవాడు. మా నోట్సులు చాలక, మేం ఆ ముక్కలతో డాబా గచ్చంతా లెక్కలు నింపేవాళ్లం. మేం అంటే అదే. నేను పక్కన కూర్చుని శనక్కాయలు వలుచుకునేదాన్ని. నాకు జవాబు వస్తే చాలు, ఆ లెక్కతో బంధుత్వం తీరిపోయేది. దానికి అప్పుడే మొదలయ్యేది.

"ఆన్సరు వచ్చీసింది కదే. పద, గుప్‌చుప్ తిందాం."

"ఉండే. ఇటు నుంచి కూడా వత్తాదేమో సూద్దాం."

"వస్తే ఏటి, రెండు మార్కులు ఎక్కువేత్తారా?"

"మార్కుల్దేటే! ఇది ఎందుకు అయిందో తెలవొద్దా?"

నాకు తెలియకపోయినా ఫర్వాలేదనే అనిపించేది. కానీ అది వదిలేది కాదు. బలపం నా చేతిలో పెట్టి, నా చేత చెప్పించి, నేను అడ్డదారిలో పోతే "అరే పాగల్, మధ్యలో మెట్టు మింగీసేవు" అని నెత్తిన మొట్టి, మళ్లీ మొదటికి తీసుకొచ్చేది. ఈ రోజు నేను పిల్లలకు లిమిట్స్ చెప్పేటప్పుడు నా నోటమ్మట వచ్చే మాటల్లో సగం ఆ డాబా మీద విన్నవే. దేవుడి తోడు, ఏ కాలేజీలోనూ నాకు అంత బాగా ఎవరూ చెప్పలేదు.

మా లెక్కల సారు బెంగాలీ ఆయన. ఏడాది పొడుగునా ఒక్కొక్కరినీ బోర్డు దగ్గరికి పిలిచి లెక్క చేయించేవారు. చేయిస్తూ అడ్డు ప్రశ్నలు వేసేవారు. తప్పు చేస్తే కోప్పడేవారు కాదు, తప్పుని దాచిపెడితే మాత్రం మండిపడేవారు. క్లాసు గ్రేడు దాన్ని బట్టే. నా స్నేహితురాలి వంతు వచ్చినప్పుడు ఆయన చాక్‌పీసు దాని చేతికిచ్చి, వెళ్లి ఆఖరి బెంచీలో కూర్చునేవారు. బెల్లు కొట్టినా లేచేవారు కాదు. దానికి 'ఏ' గ్రేడు, నాకు 'బీ'. అందులో నాకు అసూయపడ్డానికి కూడా ఏమీ కనిపించలేదు, అంత న్యాయంగా ఉంది.

ఊళ్లో ఒక కాలేజీలో లెక్కల ఆనర్సు ఉండేది. సీటుకి బోర్డు మార్కులతో పాటు స్కూలు ఇచ్చిన గ్రేడూ చూసేవారు. ఇద్దరం అందులోనే చేరాలి, ఒకే స్కూటీ మీద వెళ్లాలి, ముందు అది నడపాలి, తర్వాత నేను అని మా ప్లాను. వాళ్ల నాన్న మొదటి నుంచీ ఒకటే మాట మీద ఉన్నాడు. ఆ సీటు వస్తే చదివిస్తాడు, రాకపోతే ఇచ్ఛాపురంలో మేనత్త దగ్గరికి పంపి బీకాం చేయిస్తాడు. కాబట్టి దానికి ఆ గ్రేడు కావాలి. నాకు అది పక్కన కావాలి.

అడ్వాన్స్‌డ్ కోర్సు మేం చదివిన స్కూల్లోకి వచ్చిన మొదటి ఏడాది అదే. బయటి పరీక్ష మార్కుతో గ్రేడు దిద్దాలన్న ఆలోచనా అప్పుడే వచ్చింది. అందుకు తల్లిదండ్రుల ఒప్పుదల ఉండాలని ఒక శనివారం అందర్నీ పిలిచారు. ప్రిన్సిపాల్ చాలాసేపు ఇంగ్లీషులో చెప్పి, చివర హిందీలో, "సబ్ సమఝ్ గయే? జో సెహమత్ హై, హాథ్ ఉఠాయే" అన్నారు, అందరికీ అర్థమైందా, ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి అని. అంతే, ఒక్కసారిగా హాలంతా చేతులు లేచాయి. పోలీసు కవాతులో కూడా అంత జోరు ఉండదు.

బయటి ఊరి వాళ్లకి ఇది వింతగా ఉంటుంది. ఇక్కడ కంపెనీలో పనిలోకి దిగే ముందు రోజూ పొద్దున్నే సూపర్‌వైజరు అందర్నీ నిలబెట్టి జాగ్రత్తలు చెప్తాడు. చివర "సమఝ్ గయే?" అంటాడు. అందరూ చెయ్యెత్తాలి. ఎత్తనివాడు ఆ రోజు గేటు దగ్గర నుంచే ఇంటికి. కాంట్రాక్టు మనిషికి ఇంటికి అంటే ఆ రోజు కూలి లేనట్టే. ఏళ్ల తరబడి అలవాటైన చెయ్యి, దానికి బుర్రతో పనేముంది? మా నాన్నా ఎత్తాడు, వాళ్ల నాన్నా ఎత్తాడు. ఇద్దరికీ ఏం ఒప్పుకున్నారో తెలియదు.

బయటికొచ్చాక అది వాళ్ల నాన్న చొక్కా పట్టుకుని అడిగింది. "నాన్నా, సెయ్యెందుకు ఎత్తేవు?"

"సాబ్ సమఝ్ గయే అంటే ఎత్తొద్దేటమ్మా?"

"నీకు సమఝైందా మరి?"

"నాకెందుకమ్మా సమఝవ్వడం, సదువుకునేది నువ్వు. నీకైతే సాల్లే" అని నవ్వి, మా ఇద్దరికీ సమోసాలు కొనిపెట్టాడు. మంచివాడు. ఇప్పటికీ ఆయన మీద కోపం తెచ్చుకుందామంటే నాకు రాదు. కోపం ఎక్కడ పెట్టాలో తెలియకే ఇన్నేళ్లూ లోపల ఉండిపోయింది.

పరీక్ష రోజున గుండ్రాలు నింపే కాగితం ఇచ్చారు. నా బోటి దానికి పండగే. గడియారం ఎదురుగా ఉంటే నాకు ఊపు వస్తుంది. తెలిసింది చేసి, సగం తెలిసింది ఊహించి, తెలియని దాని మీద ఒక గుండ్రం నింపి బయటపడ్డాను. అది చాలా ఆలస్యంగా వచ్చింది. మొహం వెలిగిపోతోంది. నా చెయ్యి పట్టుకుని గేటు దాకా లాక్కెళ్లి,

"ఆఖర్న వృత్తాల లెక్క సూసేవా? దానికి రెండు దార్లున్నాయే! రెండోది ఎంత పొట్టిగా ఉందో తెలుసా!" అంది.

"మిగతావి?"

"టైమయిపోయింది" అంది, అదేదో చిన్న విషయం అన్నట్టు. మళ్లీ ఆ వృత్తాల దగ్గరికే వెళ్లిపోయింది. దారంతా చెబుతూనే ఉంది. నేను ఊఁ కొడుతూ, అది వదిలేసిన ప్రశ్నలు ఎన్ని ఉంటాయో లెక్కేసుకుంటున్నాను. అంత సంతోషంగా పరీక్ష హాల్లోంచి వచ్చిన మనిషిని నా జన్మలో ఇంకొకర్ని చూడలేదు. నా క్లాసు పిల్లల్లోనూ చూడలేదు.

ఫలితాలొచ్చాయి. దాని ఏ గ్రేడు సీ అయింది. నా బీ గ్రేడు ఏ అయింది. నోటీసు బోర్డు ముందు సారు చాలాసేపు నిలబడి, ఆఫీసు గదిలోకి వెళ్లారు. ఆయన గొంతు బయటికి వినబడింది. "సాల్ భర్ మైనే దేఖా హై, వో ఝూఠ్ హై క్యా?" ఏడాదంతా తను కళ్లతో చూసింది అబద్ధమా అని. తల్లిదండ్రులంతా చేతులెత్తి ఒప్పుకున్నారు కదా అని ఆయన నోరు మూయించారు. ఆయన బయటికొచ్చి మా వైపు చూడకుండా సైకిలెక్కి వెళ్లిపోయారు.

సీటు రాలేదు. జూన్‌లో దాన్ని ఇచ్ఛాపురం పంపేశారు. స్టేషనులో అది ఏడవలేదు, నేనే ఏడ్చాను. "ఊర్కోయే, సెలవలకి వత్తాను కదా" అని నన్నే ఓదార్చింది. ఒకటి రెండు సెలవలకి వచ్చింది. తర్వాత బీకాం, తర్వాత పెళ్లి, బరంపురంలో బట్టల కొట్టు. ఫోన్లు మొదట్లో రోజూ, ఆ పైన పండగలకి, ఆ పైన ఫార్వర్డు చేసిన గుడ్మార్నింగులు. ఎవరూ ఎవరితోనూ పోట్లాడలేదు. పోట్లాడుకున్నా బాగుండేది, రాజీ పడ్డానికైనా ఒక దారి ఉండేది.

నేను ఆ కాలేజీలో చేరాను. స్కూటీ వెనక సీటు ఖాళీగా ఉండేది. క్లాసులో ఏదైనా తేలిగ్గా తేలిపోతే, పక్కకి తిరిగి చూసేదాన్ని, ఇటు నుంచి కూడా వత్తాదేమో అని ఎవరైనా అంటారేమోనని. ఇప్పుడు ఇదే ఊళ్లో సోనారిలో ఉంటున్నాను. సాయంత్రం బాల్కనీలో పేపర్లు దిద్దుకుంటుంటే చిన్న విమానం ఒకటి దిగుతుంది. నా స్నేహితురాలు ఉంటే ఆ విమానం వంగిన వాలు మీద కూడా ఒక లెక్క కట్టి నా ప్రాణం తీసేది. ఆ ప్రాణం తీయడం కోసమే మొహం వాచి ఉన్నాను.

మార్చి మీటింగులో చివరికి నేనూ మాట్లాడాను. బయటి పరీక్ష ఉండనివ్వండి, దాని మార్కు వేరే కాగితం మీద ఇవ్వండి, మా గ్రేడులో మొహమాటాలు ఉంటే మమ్మల్ని నిలదీయండి, అంతేగానీ ఒక పూట చూసినదాంతో ఏడాది చూసినదాన్ని కొట్టేయకండి అన్నాను. ఫిజిక్స్ మేడం నా కథేదో ఉందని పసిగట్టినట్టుంది, వాదించలేదు. నిర్ణయం ఇంకా తేలలేదు.

మే నెలలో భాలుబాసాలో దాని తమ్ముడి పెళ్లికి అది వచ్చింది. నన్ను చూడగానే "ఓలమ్మ, ఎంత సిక్కిపోయేవే!" అని కావలించుకుంది. అదే గొంతు. భోజనాలయ్యాక షామియానా కింద రెండు కుర్చీలు లాక్కుని కూర్చున్నాం. కొట్టు గురించి చెప్పింది, ఒడియాలో బేరాలాడే అత్తగారిని అనుకరించి నవ్వించింది. నాకు ఆశ పుట్టింది. ఫోనులో నేను తయారు చేసిన ప్రశ్నపత్రం తీసి, వృత్తాల లెక్క ఒకటి చూపించాను. పిల్లలకి దీన్ని ఎలా చెప్పాలో తోచట్లేదు, చూడవే అన్నాను.

అది చూసింది. చూపుడువేలు మోకాలి మీద ఒక గీత గీసింది, ఇంకో గీత గీసింది. నేను కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను. అంతలో చెయ్యి వెనక్కి తీసుకుని ఫోను నా ఒళ్లో పెట్టేసింది.

"నాకు లెక్కలు రావు కదే" అంది.

వేళాకోళం అనుకుని నవ్వాను. అది నవ్వలేదు.

"అప్పుడే తేలిపోయింది కదా. సారు పాపం జాలిపడి ఏసేవోరు ఏ గ్రేడు. కాంట్రాక్టోడి కూతురు కదాని. పరీక్షకి జాలేటి, ఉన్నదున్నట్టు సెప్పీసింది."

"నాకు లెక్కలు నేర్పింది నువ్వే" అన్నాను.

"పోవే, నువ్వు ముందు నుంచీ తెలివైన దానివి" అని ప్రేమగా నా బుగ్గ నిమిరింది. అబద్ధమాడటం దానికి చేతకాదు. అది ఆ మాట నమ్మే అంది, ఇన్నేళ్లుగా నమ్ముతూనే ఉంది. లోపల ఎవరో పిలిస్తే చీర సర్దుకుంటూ, ఇంకాసేపు ఉండు, కబుర్లు చెప్పుకుందాం అంది. ఉన్నాను. అది తిరిగొచ్చి నా పక్కనే కూర్చుంది, నా చెయ్యి తన చేతిలోనే పెట్టుకుంది. పక్కనున్న మనిషి మీద కూడా ఇంత బెంగ పెట్టుకోవచ్చని నాకు ఆ సాయంత్రం దాకా తెలియదు.