భాగ్యం మెడ తిప్పింది

సారం ఏరియాలో ఆటో నడిపే భాగ్యానికి మెడనొప్పి కొత్త కాదు. తాతముత్తాతల నాటి నుంచి పుదుచ్చేరిలో పాతుకుపోయిన తెలుగు కుటుంబం ఆమెది. సరదాకి భర్త గణేశన్ దగ్గర ఆటో నేర్చుకుంది. అతను గోడౌన్‌లో ఉద్యోగానికి కుదిరాక ఆ బండి ఆమెదైపోయింది. నొప్పి కుడి భుజం మీద మొదలై చెవి వెనక దాకా పాకేది. బామ్ రాసుకునేది, మాత్ర మింగేది, బండి తీసేది. ఏళ్ల తరబడి అదే తంతు.

ఒకరోజు నెల్లితోపు మార్కెట్ దగ్గర చంటిబిడ్డతో ఒకామె ఆటో ఎక్కింది. బండిని రోడ్డు మీదికి తిప్పుతూ భాగ్యం కుడివైపు చూడబోయింది. మెడ తిరగలేదు. అద్దంలో ఏమీ కనపడకపోయేసరికి ముందుకు పోనిచ్చింది. అంతే, టౌన్ బస్సు కీచుమంటూ పక్కనే వచ్చి ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. బస్సు డ్రైవరు తిట్లేవీ భాగ్యం చెవికెక్కలేదు. వెనక సీట్లో బిడ్డను గుండెకదుముకుని వణికిపోతున్న ఆ తల్లినే చూస్తూ ఉండిపోయింది.

ఇంటికొచ్చి తాళంచెవి గణేశన్ చేతిలో పెట్టింది.

"మెడ తిరిగేదాకా నేను బండి తాకను."

"దానికేముంది, పెద్ద అద్దం పెట్టిస్తాలే."

"తిరగాల్సింది అద్దం గాదయ్యా, నా మెడ."

మర్నాడే లాస్‌పేటలో ఉన్న ఫిజియోథెరపీ క్లినిక్‌కి వెళ్లింది. అక్కడి ఫిజియోథెరపిస్టు కీర్తిది యానాం. చదువుకోవడానికి వచ్చి ఇక్కడే ఉద్యోగంలో చేరింది.

"నొప్పి ఎక్కడండీ అక్కా?"

"యాడని చెప్పేదిమ్మా! కళుత్తంతా నొప్పే."

అరవంలో కళుత్తంటే మెడేనని తెలిసిన కీర్తి, మెడంతా నొక్కి చూసింది. చేతుల్లో తిమ్మిరి ఉందా, పట్టు తగ్గిందా అని పరీక్షించింది. అవేమీ లేవని తేల్చుకున్నాక నీలంరంగు టేపు చుట్ట తీసింది.

"ఇదేంది, రిబ్బనా?"

"సాగే టేపక్కా. ఇది వేస్తే నొప్పి కాస్త తగ్గినట్టుంటుంది. ఆ వీలు చూసుకుని మీరు వ్యాయామం చెయ్యాలి. అసలు పని దానిదే."

తల వంచమని, భుజం దగ్గర్నుంచి మెడ పైదాకా టేపు అతికించి, అరచేత్తో రుద్దింది. తెల్లారేసరికి అది ఊడి దిండుకు అంటుకుంది. భాగ్యం కోపంగా క్లినిక్‌కి వెళ్తే కీర్తి నవ్వేసింది. "తలకి నూనె దట్టించారు కదా, మెడంతా జిడ్డే. చెప్పకపోవడం నా పొరపాటే."

జిడ్డు తుడిచి వేశాక ఈసారి టేపు నిలిచింది. భుజం మీది బరువెవరో దించినట్టయింది. వెంటనే ఆటో తీయాలని భాగ్యం మనసు లాగింది. కుడివైపు చూడబోతే మెడ మళ్లీ సగంలోనే ఆగింది. నొప్పి తగ్గడం వేరు, మెడ తిరగడం వేరని అప్పుడర్థమైంది. పళ్లు బిగించి వ్యాయామం మొదలుపెట్టింది. గడ్డం లోపలికి లాగేది, నుదుటికి అరచెయ్యి ఆనించి నెట్టేది, భుజాలు వెనక్కి విరిచేది. కొన్నాళ్లు నొప్పి ఎక్కువైంది కూడా. అయినా మానలేదు.

అంతలో టేపు కింద చర్మం ఎర్రబడి దురదపెట్టింది. కీర్తి నూనె రాసి మెల్లగా ఊడదీసి, "కొన్నాళ్లు ఇక వద్దక్కా" అంది. చేతికర్ర లాగేసుకున్నట్టు భాగ్యానికి దిగులేసింది. ఇంటికొచ్చి, టేపు లేకుండానే ఆ సాయంత్రం వ్యాయామం చేసింది. అంత కష్టమనిపించలేదు.

వానలు వెనకపట్టాక ఒక ఆదివారం, ఇంటి ముందు ఆగి ఉన్న ఆటోలో కూర్చుంది. గణేశన్ కుడిపక్కన బాగా వెనక్కి వెళ్లి నిలబడి చెయ్యెత్తాడు.

"ఎన్ని వేళ్లు?"

భాగ్యం మెడ తిప్పింది. "మూడు. గోళ్లు కూడా తీసుకోలేదు నువ్వు!"

గణేశన్ నవ్వుతూ వచ్చి తాళంచెవి ఇచ్చేశాడు.

నొప్పి పూర్తిగా పోలేదు. ఎక్కువసేపు తోలితే మళ్లీ పలకరిస్తుంది. అప్పుడు స్టాండులోనే కూర్చుని వ్యాయామం చేసుకుంటుంది. తోటి డ్రైవర్లు మొదట్లో నవ్వారు, తర్వాత ఒక్కొక్కరే గుట్టుగా వచ్చి తమ నొప్పులు చెప్పుకోవడం మొదలుపెట్టారు. భాగ్యం కీర్తిని బతిమాలి ఒకరోజు స్టాండుకే తీసుకొచ్చింది. అందరికంటే ఎక్కువ నవ్విన చెల్లప్పన్ ఆటో చాటుకి జారుకోబోయాడు.

"యాడికి పోతావన్నా? రా, ముందు నువ్వే కూర్చో" అని భాగ్యం స్టూలు జరిపింది.