మామ తుడవని ఫోల్డరు

మా మామ పోయిన సంగతి నాకు ఆయన ఫోనులోనే తెలిసింది. విరుదునగరంలో నేను పనిచేసే పప్పు మిల్లు ఆఫీసులో కంప్యూటరు పొద్దున్నే మొరాయించింది. ఎప్పటిలాగే ఆయనకు ఫోన్ చేశాను. అత్త ఎత్తింది. "మామ లేడు పాపా. తెల్లారి గుండె నొస్తాందని కూచున్నాడు. అంతే, పోయినాడు," అంది. నేను వెర్రిదానిలా "ఏ ఆస్పత్రిలో ఉన్నాడత్తా?" అని అడిగాను.

ఆయన మా అమ్మ తమ్ముడు. కోవిల్‌పట్టి బస్టాండు దగ్గర, వేరుశనగపప్పు, బెల్లంతో కడలమిఠాయి చేసే అంగడి మేడమీద కంప్యూటర్లు బాగుచేసే చిన్న గది ఆయనది. కింద బెల్లం పాకం కాగుతుంటే పైన మేం పని చేసుకునేవాళ్ళం. జిగట తగలని కీబోర్డు ఆ గదిలో నేను చూడలేదు. నాకు ఈ పని నేర్పింది ఆయనే, అదీ తెలుగులో. గడప దాటితే మాకు అంతా తమిళమే. ఇంట్లో తెలుగు మాట్లాడతామే గానీ చదవడం, రాయడం ఎవరికీ రాదు. నేను పెద్దయ్యాక పట్టుబట్టి అక్షరాలు నేర్చుకున్నాను. ఆయన ఉంటే నేను రాస్తున్న ఇది నా చేత చదివించుకొని, మధ్యమధ్య తప్పులు పట్టేవాడు.

కంప్యూటరులో కొత్త సిస్టం వేయడం చాలామందికి వచ్చు. పాతదాని మీదే కొత్తది వేసి చేతులు దులుపుకుంటారు. పాతదంతా ఒక మూల ఫోల్డరులో చేరి కూర్చుంటుంది. అంతకుముందు వాడిన మనుషుల పేర్లు అట్లాగే ఉండిపోతాయి. ఒక్కోసారి అదే పేరు మళ్ళీ పెడితే, ఆ పేరుతో మనిషి ముందే ఉన్నాడని కంప్యూటరు కొత్త పేరుకు ఏదో తోక తగిలిస్తుంది. ఆ తోక చూస్తే మామకు ఒళ్ళు మండేది. "ఇల్లు అలకల్లంటే సామాను బైట పెట్టల్ల పిల్లా. మూలకు నెట్టేసి అలికితే అది అలుకుడా?" అనేవాడు. కావలసినవి వేరే డిస్కులోకి తీసిపెట్టి, కంప్యూటరు డిస్కులోని భాగాలన్నీ చెరిపి ఒకే ఖాళీ జాగా చేసి, అప్పుడు కొత్తది వేసేవాడు. ఆయన చేతిలో పడిన కంప్యూటరులో పాత మనిషి పేరు మిగిలేది కాదు.

మా అవ్వ, అంటే ఆయన తల్లి, తన ఊరు ఒట్టపిడారం వదిలి వచ్చాక మధ్యాహ్నాలు ఆ గదిలోనే కూర్చునేది. కొత్త మైకు వస్తే మామ దాన్ని అవ్వ మీద పరీక్ష చేసేవాడు.

"దీంట్లో ఏమి చెప్పేదిరా?"

"ఏమన్నా చెప్పమ్మా. సుమ్మా, ఊరికే నన్ను తిట్టు."

తిట్టమంటే అవ్వకు అడ్డేముంది! కొడుకుని తిడుతూ తిడుతూ పత్తి ఏరిన కాలానికి, తన ఎనుము దగ్గరికి, వాన ఎగ్గొట్టిన ఏడాదికి వెళ్ళిపోయేది. ఆంధ్రా వాళ్ళు వింటే పాతకాలపు మాటలని నవ్వే మాటలన్నీ ఆ నోట్లో ఉండేవి. మామ అవన్నీ రికార్డు చేశాడు. వాటిని తన పేరు కింద పెట్టకుండా, అవ్వ పేరుతో వేరే ఖాతా తెరిచి అందులో పెట్టాడు. మా ఇళ్ళలో పెద్దవాళ్ళ కంచం, చెంబు ఎవరూ ముట్టరు. కంప్యూటరులోనూ అదే మర్యాద. "పెద్దోళ్లకి తనిగా, వేరేగా ఒక జాగా ఉండల్ల," అన్నాడు.

ఆ మర్యాదే కొంప ముంచింది. అవ్వ పోయిన కొన్నాళ్ళకు ఆ కంప్యూటరుకు వైరస్ పట్టింది. మామ తన పేరు కిందున్నవన్నీ జాగ్రత్తగా తీసిపెట్టుకొని, మిగతాదంతా అలవాటు ప్రకారం చెరిపేసి, కొత్త సిస్టం వేశాడు. అవ్వ జాగా వేరే ఉందన్నది అంతా అయ్యాకే గుర్తొచ్చింది. పోయిన ఫైళ్ళు వెతికే సాఫ్ట్‌వేర్లు ఒకటి తర్వాత ఒకటి పెట్టి చూశాడు. ఏవో అంకెలే పేర్లుగా కొన్ని ఫైళ్ళు దొరికాయి. తెరిస్తే తెరమీద గీత కదులుతుంది, గొంతు లేదు. ఆయన అన్నం ముందు కూర్చొని ఏడవడం నేను చూసింది అప్పుడే.

ఈ సంగతి ఆయన దాచుకోలేదు. వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. "తుడిచే చేతికి కండ్లుండవు, మనమే చూడల్ల," అని నాకు వెయ్యిసార్లు చెప్పి ఉంటాడు. అప్పటినుంచి ఆయన పద్ధతి మారింది. కంప్యూటరు తెచ్చినవాళ్ళను పక్కన కూర్చోబెట్టి, అందులోని పేర్లు ఒక్కొక్కటే పైకి చదివి, ఇదెవరు, ఉంచాలా తీయాలా అని అడిగేవాడు. ఫార్మాటుకు కూడా నల్ల నేరం, అదే మంచి ముహూర్తం, చూస్తావా అని జనం ఎగతాళి చేసేవాళ్ళు. ఒకసారి వత్రాప్ నుంచి ఒక రైతు లాప్‌టాప్ తెచ్చాడు. ఒక పేరు దగ్గర మొహం పక్కకు తిప్పుకున్నాడు. మామ మళ్ళీ అడిగితే, "తమ్ముడు. మాకు మాటల్లేవు," అన్నాడు. మామ లాప్‌టాప్ మూసి చేతికిచ్చి, "మాట్లాడి రండి, ఇది ఎక్కడికీ పోదు," అన్నాడు తమిళంలో. ఆ రైతు మండిపడి దాన్ని చంకన పెట్టుకొని మెట్లు దిగాడు. మళ్ళీ రాలేదు. "బేరం పోయె, మర్యాదా పోయె," అని నవ్వాడు మామ.

కర్మాంతరాలు అయ్యాక అత్త నన్ను కోవిల్‌పట్టికి పిలిచింది. కాలేజీ చదువుకు మామ కంప్యూటరు వాళ్ళ అమ్మాయికి కావాలి. "మీ మామ మాదిరే సుద్దంగా చెయ్యి పాపా. తెరిచేటప్పుడంతా వాళ్ళ నాయన పేరు కనబడితే బిడ్డ చదవదు, ఏడస్తా కూచుంటది," అంది.

మేడమీది గదిలో అత్తను పక్కన కూర్చోబెట్టుకొని ఒక్కొక్క పేరూ చదివాను. మామ ఫోల్డరులో అన్నీ మావే. నా సర్టిఫికెట్లు, అమ్మాయి చిన్నప్పటి ఫోటోలు, అత్త రేషన్ కార్డు. అన్నిటికీ అడుగున తమిళ అక్షరాల్లో అవ్వ అని ఉంది. తెరిచాను. ఆ గొంతు లేని ఫైళ్ళే. ఏదీ మిగల్చని మనిషి, కొత్త సిస్టం వేసిన ప్రతిసారీ వాటిని ముందు తీసిపెట్టి, తర్వాత మళ్ళీ లోపల పెట్టుకున్నాడు.

"వీటిలో ఏమీ వినపడదత్తా," అన్నాను.

అత్త తెర దగ్గరికి వంగింది. "మీ మామ మద్దేనం చెవులకు పెట్టుకొని వింటా ఉన్నింది దీన్నేనా? నేను పాటలనుకుంటినే! కూడు ఆరిపోతాంది, పిలిస్తే చెవుడా అని ఎన్ని తిట్లు తిట్టినానే పాపా!" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

నాకు అప్పుడు తట్టింది. మా ఇళ్ళ పెళ్ళి వీడియోలు తీసింది ఆయనే కాబట్టి వాటిలో ఆయన లేడు, మాటలు తీసేసి పాటలు వేశాడు కాబట్టి గొంతూ లేదు. వాయిస్ మెసేజీలు పెట్టేవాడు కాదు, ఇంటికొస్తే చెప్తాననేవాడు. అవ్వ గొంతును ఆయన కనీసం పట్టుకొని పోగొట్టుకున్నాడు. పోగొట్టుకోవడానికైనా ఆయన గొంతు మా దగ్గర లేదు. ఇందరికి చేతిలో ఫోన్లున్నాయి, ఒక్కరికీ తోచలేదు. ఇది నన్ను వదిలేలా లేదు.

"ఇవి ఉంచల్లనా, తీయల్లనా అత్తా?"

"బిడ్డ దాంట్లో వద్దు. నాకు తీసి ఇయ్యి. దానికి ముందు ఒకసారి విననీ," అంది.

హెడ్‌ఫోన్ ఆమె తలకు పెట్టి, మొదటి ఫైలు నొక్కాను. గీత ఎడమ నుంచి కుడికి మెల్లగా కదలసాగింది. కింద అంగట్లో ఎవరో గట్టిగా బేరమాడుతున్నారు. అత్త రెండు చేతులతో చెవులు అదిమిపట్టుకొని, నన్ను కదలొద్దన్నట్టు తల ఊపి, కళ్ళు మూసుకొని వింటూ కూర్చుంది.