నీళ్ల బాటిల్ ఖాళీ చేసే పిల్ల

నా ఫోన్‌లో మా అమ్మాయి ఫొటోల కంటే మరుగుదొడ్ల ఫొటోలే ఎక్కువ. వెటకారానికి అనడం లేదు. ప్రార్థన అవగానే నేను చేసే మొదటి పని, బడి వెనక్కి వెళ్లి, రెండు దొడ్ల తలుపులూ తీసి, ఫొటోలు కొట్టి పై అధికారులకి పంపడం. పంపకపోతే ఆ రోజంతా ఫోన్లే ఫోన్లు. ఒకసారి మా అమ్మాయి బంధువులెవరికో పెళ్లి ఫొటోలు చూపిద్దామని నా ఫోన్ తెరిచి గబుక్కున మూసేసింది. "పరువు తీసేశావమ్మా" అంది.

మాది సబ్బవరం దాటి లోపలికి వెళ్లాక వచ్చే ఊరు. మాది అంటున్నాను గానీ ఉద్యోగమే అక్కడ. మా నాన్న స్టీలు ప్లాంటు పనికి గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను క్వార్టర్స్‌లో పెరిగాను. ఇప్పటికీ సిటీ నుంచే స్కూటీ మీద వెళ్లి వస్తాను. బడిలో ఐదో తరగతి వరకే. ఇద్దరం టీచర్లం, హెడ్‌మిస్ట్రెస్‌ని నేనే. నోరు కాస్త ఎక్కువని ఊళ్లో పేరు.

చేరిన కొత్తలో బడికి దొడ్డే లేదు. పొద్దున కాఫీ కూడా మానేసి వెళ్లేదాన్ని. మధ్యాహ్నం తలనొప్పి, సాయంత్రం పొత్తికడుపు బిగుసుకుపోయి స్కూటీ మీద గతుకు గతుకుకీ దేవుణ్ణి తలుచుకోవడం. ఆ తర్వాత కొత్తవి కట్టారు. టైల్సు, గోడల మీద చేతులు కడుక్కుంటున్న పిల్లల బొమ్మలు, టీచర్లకి పక్కన విడిగా ఒకటి. దాని తాళంచెవి ఒకటి నా హ్యాండ్‌బ్యాగ్‌లో, రెండోది ఆఫీసు గదిలో మేకుకి ఉండేది.

పిల్లలు మాత్రం వెళ్లేవారు కాదు. మగపిల్లలకి వెనక జీడితోట ఉండనే ఉంది. ఒకటో తరగతి పిల్లవాడొకడు లోపల గడియ పడిపోయి పావుగంట ఏడ్చాడు. ఆ మర్నాటి నుంచి చిన్నపిల్లలు ఆ ఛాయలకే పోలేదు. కుళాయిల పిడులు నెల తిరక్కుండానే విరిగిపోతే ప్లంబరు నీళ్ల లైను మూసేసి పోయాడు. బయట డ్రమ్ము పెట్టి మగ్గు వేలాడదీశాం. ఆడపిల్లలు అంత తళతళలాడేవి పాడు చేస్తే నేను తిడతానని భయపడ్డారట. అది విని నాకు చిర్రెత్తుకొచ్చింది. ప్రార్థనలో అందరినీ నిలబెట్టి, "వాడడానికే కదర్రా కట్టింది! పాడవుతాయని మీకెందుకు బెంగ? కడగడానికి ఆయా ఉంది కదా!" అన్నాను.

ఆ మాట పనిచేసింది. వారం తిరిగేసరికి తలుపుల దగ్గర వరస కట్టారు. నాకు ఎంత గర్వమో చెప్పలేను.

దొడ్లు కట్టిన కొత్తలోనే, ఆయాగా ఆ బడిలో చదివే పిల్లల తల్లినే పెట్టాలని పైనుంచి చెప్పారు. తల్లిదండ్రుల కమిటీ మీటింగులో ఎవరూ చెయ్యెత్తలేదు. చివరికి ఒకామె లేచింది. భర్త పోర్టు లారీల మీద వెళ్లి పదిహేను రోజులకోసారి ఇంటికొస్తాడు. కూతురు మా నాలుగో తరగతిలోనే. "తన పిల్ల చదివే బడి కదా, శ్రద్ధగా చేస్తుంది" అని ఆ మీటింగులో అన్నదాన్ని నేనే. శ్రద్ధగానే చేసింది కూడా. ప్రార్థనకి ముందోసారి, భోజనాలయ్యాక ఓసారి.

ఆ కూతురు ఎర్ర రిబ్బన్లతో జడలు గట్టిగా మడిచి కట్టుకుని ముందు వరసలో కూర్చునేది. మాట తక్కువ. మా బడిలో రోజుకి మూడుసార్లు నీళ్ల బెల్ కొడతాం. బెల్ కొట్టాక పిల్లలు నీళ్లు తాగాలి, నేను బాటిళ్లు చూడాలి. సగం మందివి సాయంత్రానికి కూడా నిండుగానే ఉంటాయి. ఆ పిల్లది మాత్రం ఎప్పుడు చూసినా ఖాళీ. మధ్యాహ్నం మళ్లీ నింపుకునేది, అదీ ఖాళీ. ఒకరోజు నిలబెట్టి, "చూసి నేర్చుకోండి" అని క్లాసు చేత చప్పట్లు కొట్టించాను. తల దించుకుంది. సిగ్గనుకున్నాను.

దసరా సెలవుల తర్వాత ఆ పిల్ల తరచూ బడి మానేయడం మొదలుపెట్టింది. వచ్చిన రోజున కూడా కాళ్లు మెలేసుకుని, డెస్కు అంచు పట్టుకుని కూర్చునేది. ఒక మధ్యాహ్నం ఒళ్లు కాలిపోతుంటే తల్లినీ కూతుర్నీ స్కూటీ మీద ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరు చిన్నమ్మాయి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అంది. "నీళ్లు తాగదా? గంటల తరబడి ఆపుకుంటోందా?" అని అడిగింది.

నా బడిని అన్నట్టు పౌరుషం వచ్చేసింది నాకు. "ఈ పిల్ల రోజుకి రెండు బాటిళ్లు తాగుతుందండీ. రోజూ చూసేదాన్ని నేను!" అన్నాను.

డాక్టరు వాదించకుండా మందులు రాసింది. తల్లి నావైపు చూడలేదు, కూతురి వైపే చూస్తూ ఉంది.

ఆ పిల్ల మళ్లీ బడికొచ్చిన రోజు, నీళ్ల బెల్ కొట్టాక నేను వరండాలో ఉండకుండా దాని వెనకే వెళ్లి గోడ మలుపులో నిలబడ్డాను. ఐదో తరగతి మగపిల్లలిద్దరు దొడ్ల దగ్గరున్నారు. ఒకడు చేతులూపుకుంటూ బయటికొచ్చాడు.

"నీల్లు పొయ్యలేదేటిరా?" అన్నాడు రెండోవాడు.

"ఆయా ఉంది కదేటి. కడుగుతాదిలే" అంటూ వాడు పరిగెత్తాడు. రెండోవాడూ వాడి వెనకే పోయాడు.

ఆ పిల్ల అటూ ఇటూ చూసి బాటిల్ పట్టుకుని లోపలికెళ్లింది. నీళ్లు పోసిన చప్పుడు. మూత బిగించుకుంటూ బయటికొచ్చి నన్ను చూసి కొయ్యబారిపోయింది.

"తాగే నీళ్లు అందులో పోస్తున్నావా? అక్కడ డ్రమ్ముంది, మగ్గుంది!"

"మగ్గుతో పోత్తే అందరూ సూత్తారు మేడమ్. నన్నూ ఆయా అంతారు."

"మరి నువ్వు నీళ్లెప్పుడు తాగుతావే?"

"ఇంటికెల్లినాక."

"ఇక్కడ తాగితే ఏమవుతుంది?"

నావైపు వింతగా చూసింది, ఇంత పెద్దదానికి ఇది కూడా తెలీదా అని. "తాగితే వొత్తాది కదా మేడమ్. నాను ఎల్తే అది కూడా మాయమ్మే కడగాల."

  నాకు కోపం వచ్చింది. వెళ్లి ఆ మొదటివాణ్ణి చెవి పట్టుకుని లాక్కొచ్చి, "ఎవరు నేర్పార్రా నీకా మాట?" అన్నాను. వాడు నిజంగానే అయోమయంగా చూశాడు. "మీరే కదా మేడమ్ పేయర్లో సెప్పినారు, కడగడానికి ఆయా ఉందని" అన్నాడు. చెవి వదిలేశాను. వాడి చెవి ఎర్రగా కందిపోయింది.

ఆ సాయంత్రం అందరూ వెళ్లాక టీచర్ల దొడ్డి తాళం తీశాను. ఇన్నేళ్లలో దాన్ని కడిగింది ఎవరో ఒక్కసారైనా ఆలోచించలేదు నేను. నాది కూడా ఆ పిల్ల తల్లే కడుగుతోంది. బ్రష్షు తీసుకుని నా చేతులతో కడిగాను. మనసు తేలికపడుతుందనుకున్నాను. పడలేదు.

మర్నాడు ఆయా ముఖం మాడ్చుకుని వచ్చింది. "మేడమ్, మీ దొడ్డి ఎవులో కడిగీసినారు. నాను సరిగ్గా సెయ్యటం నేదా? తీసేత్తారా నన్ను?"

కాదమ్మా అని కూర్చోబెట్టి బాటిల్ సంగతి చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. "ఆసుపత్రికాడే అనుమానమొచ్చింది. ఇంటికొచ్చి చెంబెడు నీల్లు గటగటా తాగీత్తాది. దాని తడిసిన బట్టలు ఉతికేదాన్ని, నాకు తెలవదా?" అంది.

డ్రమ్ము లోపల పెట్టించాను. ఎవరిది వాళ్లు రెండు మగ్గులు పోసి రావాలన్నాను. నేనూ తలుపు దగ్గర నిలబడ్డాను. నేనున్నంతసేపూ పోశారు. ఆ పిల్ల మాత్రం బాటిల్ తెరవలేదు. "తాగవే తల్లీ" అంటే నా కోసం ఒక గుక్క తాగి, గంటకోసారి కాళ్లు మెలేసుకునేది. ఆ జబ్బు మళ్లీ వస్తే కిడ్నీలదాకా పోతుందని డాక్టరు చెప్పింది.

చివరికి తల్లితో అన్నాను, ఈ పని ఇంకొకరికి ఇద్దామా, నీకు భోజనాల దగ్గర ఏదైనా పని చూస్తాను అని.

 "ఇంకెవులొత్తారు మేడమ్? ఆలూ ఈ బడి పిల్లల అమ్మే అవ్వాల కదా. అప్పుడు ఆల్ల పిల్ల తాగడం మానేత్తాది" అంది.

నాకు తట్టని మాట అది. ఇంత చదువుకున్నాను, ఇన్ని మీటింగుల్లో మాట్లాడాను.

సంక్రాంతికి ముందే ఆమె టీసీ అడిగింది. పరవాడ దగ్గర చెల్లెలు ఉందట, పిల్లని అక్కడ ఉంచి చదివిస్తుందట. వద్దని రెండు రోజులు చెప్పి చూశాను. తొమ్మిదేళ్ల పిల్ల, తల్లిని వదిలి ఎలా ఉంటుందని అడిగాను. "ఉంటాది" అంది. టీసీలో బడి మారడానికి కారణం రాయాలి. పెన్ను పట్టుకుని, ఏం రాయమంటావని అడిగాను. "ఏటో ఒకటి రాసీండి" అంది. కుటుంబ కారణాలు అని రాశాను. కారణం ఎవరో నాకు తెలుసు. దాని కింద సంతకం పెట్టింది కూడా నేనే.

నెల తర్వాత ఒక పొద్దున్న ఆయా బకెట్ కింద పెట్టి, ఫోన్‌లో కూతురితో మాట్లాడుతూ కనబడింది. నన్ను చూసి స్పీకర్ నొక్కింది.

"నీల్లు తాగతన్నావా?"

"తాగతన్నానమ్మా. రెండు బాటిళ్లు."

"మరి ఎల్తన్నావా?"

"ఎల్తన్నాను. ఇక్కడి ఆయా నాకేటీ అవదు కదమ్మా."

"విన్నారా మేడమ్, తాగతందంట!" అంది ఆమె, నా వైపు తిరిగి. ఆమె అంత సంతోషంగా నవ్వడం నేను చూడడం అదే మొదటిసారి.